స్వీడిష్ నేర్చుకుంటూనే డేనిష్, నార్వేజియన్ మాటలు కూడా రాసుకోవచ్చా?

గోదారమ్మాయి, లుండ్

అందరికీ నమస్కారం. మాది నిడదవోలు. బి.ఫార్మసీ చదివాను. మా వారి ఉద్యోగం కోసం లుండ్ వచ్చి ఇక్కడే ఉంటున్నాం. కమ్యూన్ (ఇక్కడి మున్సిపాలిటీ) వాళ్ళు వలస వచ్చినవాళ్ళకి స్వీడిష్ నేర్పడానికి ఉచితంగా నడిపే ఎస్.ఎఫ్.ఐ. క్లాసులకు వెళ్తున్నాను, ఇప్పుడు సి కోర్సు. టీచర్ నెమ్మదిగా మాట్లాడితే బాగానే అర్థమవుతోంది. కూరగాయల షాపులో ఇంగ్లీషు అవసరం పడటం లేదు.

నా సందేహం వేరే. ఇక్కణ్ణుంచి కోపెన్‌హాగన్ రైల్లో గంట లోపే. ఉద్యోగం దొరికితే అటైనా వెళ్దామని ఆలోచన. మా వారి స్నేహితులు ఓస్లోలో ఉన్నారు, వాళ్ళు "స్వీడిష్ వచ్చిందంటే మిగతా రెండూ వచ్చినట్టే" అంటారు. మొన్న కోపెన్‌హాగన్ వెళ్ళాం. స్టేషన్లో బోర్డులు, షాపుల మీద రాతలు దాదాపు అన్నీ అర్థమయ్యాయి. కాఫీ తీసుకుంటే కౌంటర్లో అమ్మాయి ఎంతయిందో చెప్పింది, ఒక్క ముక్క అందలేదు. మెషీన్ మీద అంకె చూసి కార్డు పెట్టాను.

అప్పట్నుంచి ఒక లాంగ్ నోట్‌బుక్‌లో మూడు గడులు గీసి, ప్రతి కొత్త మాటనీ మూడు భాషల్లో రాసుకుంటున్నాను. పేజీలు నిండుతున్నాయి కానీ బుర్రలో కలగాపులగంగా ఉంది. స్వీడిష్ మాట్లాడుతుంటే డేనిష్ మాట ముందుకొస్తోంది. పరీక్ష దగ్గర పడేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది.

మూడూ కలిపి నేర్చుకోవచ్చా, లేక ఒకటి బాగా వచ్చాక రెండోది పట్టుకోవాలా? మూడు దేశాల్లో ఉన్న మనవాళ్ళు ఇక్కడ ఉన్నారు కదా, తెలిసినవాళ్ళు చెప్పండి.

---

కిస్తా తమ్ముడు, స్టాక్‌హోమ్

అక్కా, మిగతా రెండు గడులూ ఇప్పటికి మూసేసి ముందు ఉచ్చారణ మీద దృష్టి పెట్టండి. ఇందులో తెలుగువాళ్ళకి చాలా లాభం ఉంది. స్వీడిష్‌లో త, ద లు మనలాగే నాలుక పళ్ళకి ఆనించి పలుకుతారు. మనం ఇంగ్లీషు అలవాటు కొద్దీ ట, డ అనేస్తాం. మాతృభాషలో ఎలా అంటామో అలాగే అంటే సరిపోతుంది.

ట, డ, ణ కూడా ఉన్నాయి, అవి ఆర్ తర్వాత త, ద, న వచ్చినప్పుడే. ఆర్ ఆ హల్లులో కలిసిపోతుంది. పిల్లలు అనే మాట స్పెల్లింగులో బార్న్, నోటికి బాణ్. బల్ల బూడ్, కార్డు కుట్. మా క్లాసులో మిగతావాళ్ళు ఈ ణ కోసం ఎంత కష్టపడుతున్నారో చూస్తున్నాను, మనకి అది పుట్టుకతో వచ్చింది.

హ్రస్వం, దీర్ఘం కూడా అంతే. పైకప్పు తాక్, థాంక్స్ చెప్పడం తక్. గ్లాస్ అని దీర్ఘం తీస్తే నీళ్ళు తాగే గ్లాసు, గ్లస్ అని పొట్టిగా అంటే ఐస్‌క్రీమ్. పలుకు, పాలు తేడా తెలిసిన చెవికి ఇది పెద్ద పని కాదు. అయితే మీరున్నది దక్షిణాన స్కోనె ప్రాంతంలో కాబట్టి ణ మీకు అంతగా వినబడదు, అక్కడ ఆర్‌ని గొంతులో పలుకుతారు. రేడియో వినండి.

---

మాల్మో అక్క

చెల్లీ, ఆ నోట్‌బుక్ పారేయకు. అందులో రాసే పద్ధతి మాత్రం మార్చు.

మాది ఖమ్మం. ముందు మేము నార్వేలో స్తవాంగర్‌లో ఉన్నాం, నార్వేజియన్ అక్కడ నేర్చుకున్నాను. తర్వాత మాల్మో వచ్చి స్వీడిష్ పట్టుకుని, ఇప్పుడు డాగిస్‌లో, అంటే చిన్నపిల్లల్ని చూసుకునే బడిలో పనిచేస్తున్నాను. అక్కడి పిల్లల్లో కొందరికి అమ్మ స్వీడన్, నాన్న డెన్మార్క్. రోజూ మూడు భాషలూ చెవిన పడతాయి. అందుకే గట్టిగా చెప్తున్నాను, మూడు భాషలనీ మూడు కొత్త భాషలుగా నేర్చుకోవద్దు. చాలా భాగం దానంతటదే వస్తుంది. రానివి రెండే రకాలు, ఒకటి చూడ్డానికి ఒకేలా ఉండి అర్థం మారేవి, రెండోది చెవికి అందనివి. నీ కష్టమంతా వాటి మీద పెట్టు.

ఒకేలా ఉండేవి రాయడం దండగ. హూస్ అంటే ఇల్లు, దాగ్ అంటే రోజు, సూల్ అంటే సూర్యుడు, మూడింట్లోనూ అదే రాత. ఒక నియమం ప్రకారం మారేవి కూడా మాట మాటకీ రాయక్కర్లేదు, ఆ నియమం రాసుకో. బళ్ళో సంధులు చదివేటప్పుడు పరుషాలు, సరళాలు అని వల్లె వేశాం గుర్తుందా? క చ ట త ప లు గ జ డ ద బ లు అవుతాయని. స్వీడిష్ నుంచి డేనిష్‌కి వెళ్ళినా సరిగ్గా అదే జరుగుతుంది. అచ్చు తర్వాత వచ్చే క, త, ప లు డేనిష్ రాతలో గ, ద, బ అవుతాయి. పుస్తకం బూక్, డేనిష్‌లో బోగ్. వీధి గాతా, డేనిష్‌లో గాదె. తిండి మాత్, అక్కడ మాద్. కేకు కాకా, అక్కడ కాగె. 'కొనడం' అనే మాటకి స్వీడిష్ రాతలో ప ఉంటుంది, డేనిష్ రాతలో బ. ఈ ఒక్క సూత్రంతో నీ నోట్‌బుక్‌లో బోలెడు వరసలు కొట్టేయొచ్చు. నార్వేజియన్ ఈ విషయంలో స్వీడిష్ వైపే ఉంటుంది: బూక్, గాతె, మాత్, కాకె.

నువ్వు బోర్డు చదివి అర్థం చేసుకుని, మనిషి మాట్లాడితే తెల్లబోవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. ఆ గ, ద లు కాగితం మీద మాత్రమే నిండుగా ఉంటాయి. నోటితో అనేటప్పుడు డేన్లు వాటిని మెత్తగా, సగం మింగి పలుకుతారు. ద అయితే మనకి ల లాగా వినబడుతుంది. మాద్ అని రాసి ఉన్నది మల్‌కి దగ్గరగా ఉంటుంది. కాబట్టి నీ తెలివికి ఏ లోటూ లేదు, చెవికి ఇంకా అలవాటు కాలేదు.

ఇక మాటలే వేరుగా ఉన్నచోట. నార్వే నాలుగు వందల ఏళ్ళకు పైగా డెన్మార్క్ రాజుల కింద ఉంది, 1814 దాకా. చదువు, చర్చి, కోర్టు, కాగితాలు అన్నీ డేనిష్‌లోనే. అందుకే నార్వేలో ఎక్కువమంది రాసే బూక్‌మోల్‌లో మాటలు డేనిష్‌కి దగ్గర, పలకడం స్వీడిష్‌కి దగ్గర. కాదు, లేదు అనడానికి స్వీడిష్‌లో 'ఇంతె', మిగతా రెండింట్లో 'ఇక్కె'. వారం స్వీడిష్‌లో వెక్కా, నార్వేజియన్‌లో ఊకె, డేనిష్‌లో అదే సరళంగా మారి ఊగె. కిటికీ చూడు. నార్వేజియన్‌లో అచ్చం మన విందు లాగే 'విందు', డేనిష్‌లో దానికి దగ్గరి మాటే. ఈ భాషలకి మూలమైన పాత నోర్స్ భాషలో గాలికన్ను అనే మాటలోంచి పుట్టింది. స్వీడిష్ వాళ్ళ ఫొన్‌స్తర్ లాటిన్‌లో పుట్టి, మధ్యయుగాల్లో హన్సా అనే జర్మన్ వ్యాపారుల కూటమి కాలంలో వాళ్ళ నోటి మీదుగా వచ్చింది. ఈ కథ తెలిస్తే ఆ మాట ఇక మర్చిపోం. కథ ఉన్న మాటలకి నోట్‌బుక్‌లో ఒక ముక్క రాసుకో.

ఇప్పుడు అసలైనవి, మోసం చేసే మాటలు. వీటికే మూడు గడులు కావాలి.

రూలిగ్. స్వీడిష్‌లో సరదాగా ఉందని. మిగతా రెండింట్లో నెమ్మదిగా, ప్రశాంతంగా ఉందని. ఒకరోజు పొద్దున డాగిస్ గుమ్మం దగ్గర ఒక డేనిష్ నాన్న పిల్లాడి టోపీ, చేతి తొడుగులు విప్పుతూ, వీడు పొద్దున్నుంచీ రూలిగ్‌గా ఉన్నాడు, కాస్త కనిపెట్టి చూడండి అన్నాడు. కొత్తగా చేరిన స్వీడిష్ అమ్మాయి చాలా సంతోషం అని నవ్వింది. ఆయన మొహం చూస్తే దిగులుగా ఉంది. పిల్లాడి నుదురు పట్టుకుని చూస్తే వెచ్చగా తగిలింది. ఆ అమ్మాయికి ఆయన మాటల్లో ప్రతి పదమూ తెలుసు, ఆ ఒక్కటే దారి తప్పించింది.

ఫ్రుకోస్త్. స్వీడన్, నార్వేల్లో పొద్దున టిఫిన్. డెన్మార్క్‌లో అదే మాట మధ్యాహ్న భోజనం. వాళ్ళ టిఫిన్ పేరు మోర్గన్‌మాద్, అంటే పొద్దుటి తిండి. డేనిష్ స్నేహితులు దీనికి పిలిస్తే టైము అడిగి వెళ్ళు.

బ్యూ అంటే స్వీడిష్‌లో ఊరు, పల్లె. డేనిష్, నార్వేజియన్‌లలో నగరం, పట్నం. స్వీడిష్‌లో పట్నానికి స్తాద్. పీగా, డ్రెంగ్ అంటే స్వీడిష్‌లో పాతకాలపు పనిమనిషి, పాలేరు. డేనిష్‌లో దాదాపు అవే మాటలు మామూలు ఆడపిల్ల, మగపిల్లాడు. ఒక డేనిష్ తల్లి తన కూతుర్ని ఆ మాటతో ముద్దుగా పిలిస్తే మా దగ్గర స్వీడిష్ పిల్లలు విచిత్రంగా చూస్తారు.

సెమెస్తర్ మనకి ఇంజనీరింగ్ నుంచీ అలవాటైన మాట. డేనిష్, నార్వేజియన్‌లలో మన అర్థమే. స్వీడిష్‌లో మాత్రం జీతంతో కూడిన సెలవు, చట్టప్రకారం ఏడాదికి 25 రోజులు. చదువు సెమిస్టర్‌ని తెర్మీన్ అంటారు.

నువ్వు ఫార్మసీ మనిషివి కాబట్టి ఇది ముఖ్యంగా రాసుకో. రెసెప్త్ అంటే స్వీడిష్‌లో డాక్టర్ చీటీ, వంట తయారీ విధానం కూడా. మిగతా రెండింట్లో డాక్టర్ చీటీ మాత్రమే, వంటకి వాళ్ళ మాట వేరే. తలనొప్పి స్వీడిష్‌లో హూవుద్‌వెర్క్, డేనిష్‌లో హోదెపీనె, నార్వేజియన్‌లో హూదెపీనె. పీనా అనేది స్వీడిష్‌లో ఉంది కానీ అది యాతన, చిత్రహింస. డేన్ ఎవరైనా కౌంటర్ దగ్గర పీనె అన్నంత మాత్రాన కంగారు పడక్కర్లేదు, ఒక మాత్ర కోసం వచ్చి ఉంటారు.

డేనిష్ అంకెలు వేరే అధ్యాయం. నీ కాఫీ యాభై పైన అయి ఉంటుంది. స్వీడిష్, నార్వేజియన్‌లలో పదుల లెక్క మనలాగే సాఫీగా ఉంటుంది. డేనిష్‌లో యాభై నుంచి ఇరవైల లెక్క. యాభైని హాల్‌త్రెస్ అంటారు, అంటే రెండు ఇరవైలు పూర్తయి మూడో ఇరవైలో సగం. అరవై త్రెస్, మూడు ఇరవైలు. డెబ్భై హాల్‌ఫ్యెర్స్, నాలుగో ఇరవైలో సగం. ఎనభై ఫియర్స్, తొంభై హాల్‌ఫెమ్స్. పైగా ఒకట్లు ముందు, పదులు తర్వాత. తొంభై అయిదు కావాలంటే అయిదూ తొంభై అనాలి. నార్వేలో కూడా ఒకట్లే ముందు చెప్పేవారు, టెలిఫోన్ నంబర్ల ఇబ్బంది చూసి 1951లో అధికారికంగా పదులు ముందుకు తెచ్చారు. పాతకాలం వాళ్ళ నోట ఇప్పటికీ ఆ పద్ధతి వినబడుతుంది. నువ్వు డేనిష్‌లో ముందు నేర్చుకోవాల్సినవి ఈ అయిదు మాటలే, వ్యాకరణం తర్వాత చూసుకోవచ్చు.

ఒకటి మాత్రం ప్రేమగా చెప్తాను. వరసలు. స్వీడిష్‌లో అమ్మ తల్లి ముర్ముర్, నాన్న తల్లి ఫర్ముర్, అమ్మ తండ్రి ముర్ఫర్, నాన్న తండ్రి ఫర్ఫర్. అమ్మ అక్కచెల్లెళ్ళు ముస్తర్, నాన్న అక్కచెల్లెళ్ళు ఫస్తర్, మేనమామ ముర్‌బ్రూర్. అమ్మమ్మకీ నాయనమ్మకీ, పిన్నికీ మేనత్తకీ తేడా లేని ఇంగ్లీషు మాట్లాడి మాట్లాడి ఇక్కడికి వచ్చాక నాకు ఊపిరాడినట్టయింది. సాయంత్రం ఎవరు తీసుకెళ్తారురా అంటే ముర్ముర్ అంటాడు పిల్లాడు, ఎవరి అమ్మో నేను మళ్ళీ అడగక్కర్లేదు. నార్వేలో ఈ మాటలు వాడేవాళ్ళు ఉన్నారు కానీ బెస్తెమూర్, తాంతె, ఊంకెల్ అనేవాళ్ళే ఎక్కువ కనబడ్డారు, అవి ఏ వైపు చుట్టమో చెప్పవు. డేనిష్‌లో ముస్తర్, ఫస్తర్ ఉన్నాయి, మామలకి మాత్రం ఓంకెల్ ఎక్కువ. ఈ వరసలు నేర్చుకోవడానికి నీకు ఒక పూట చాలు.

ముందు స్వీడిష్‌ని ఇంటి భాష లాగా చేసుకో. మిగతా రెండింటినీ చదవడం, వినడం వరకే ఉంచు, మాట్లాడ్డానికి ఇప్పుడే తొందరపడకు. నీ నోట్లోకి డేనిష్ మాట రావడానికి కారణం చేత్తో రాసి బట్టీ పట్టడమే.

---

ఓస్లో నుంచి

మాల్మో అక్కగారు చెప్పినదానికి నార్వే వైపు నుంచి కొంచెం కలుపుతాను.

ఓస్లోలో హోటళ్ళు, ఆసుపత్రులు, ఎక్కడ చూసినా స్వీడన్ నుంచి వచ్చి పనిచేసేవాళ్ళు ఉంటారు. వాళ్ళు స్వీడిష్‌లోనే మాట్లాడతారు, ఇబ్బంది పెట్టే మాటలు మాత్రం మార్చుకుంటారు. ఆ కలగలుపు భాషకి స్వోర్స్క్ అని పేరు కూడా ఉంది. కాబట్టి మీ వారి స్నేహితులు చెప్పింది ఓస్లో వరకు చాలావరకు నిజం. కోపెన్‌హాగన్‌కి అది వర్తించదు. 2005లో వచ్చిన ఒక పెద్ద సర్వేలో కూడా ఈ మూడు దేశాల్లోకీ పక్క భాషలు బాగా అర్థం చేసుకునేది నార్వే వాళ్ళే అని తేలింది. వాళ్ళు చిన్నప్పటి నుంచీ రకరకాల యాసలు వింటూ పెరుగుతారు. 'నేను' అనడానికే ఒక్కో ప్రాంతంలో యై, ఎగ్, ఆ అంటూ ఒక్కో రకం. రాయడానికి కూడా బూక్‌మోల్, నీనోర్స్క్ అని రెండు పద్ధతులు.

మోసం చేసే మాటల్లో ఇంకో రెండు చేర్చుకోండి. రార్ అంటే స్వీడిష్, డేనిష్‌లలో మంచివాడు, మెత్తని మనిషి. నార్వేజియన్‌లో వింత మనిషి. మా ఆఫీసులో ఎవరినైనా మెచ్చుకోవాలంటే ఆ మాట అస్సలు వాడకండి. ఆర్తిగ్ అంటే స్వీడిష్‌లో మర్యాదస్తుడు, ఇక్కడ సరదా అయినది.

---

గోదారమ్మాయి, లుండ్

అక్కా, పరుషాలు సరళాల సూత్రం చదవగానే నోట్‌బుక్ తీసి చూశాను. మొదటి పేజీలోనే సగం వరసలకి అది సరిపోయింది! ఇన్నాళ్ళూ విడివిడిగా బట్టీ పడుతున్నాను. అందరికీ చాలా చాలా థాంక్స్.

ఇంకో రెండు అడగాలి. ఒకటి, స్వీడన్‌లోనే ఫార్మసిస్ట్‌గా చేరాలంటే భాష ఏ మేరకు రావాలి? రెండోది, పెద్దవాళ్ళని దూ, అంటే నువ్వు, అనడానికి నాకు నోరు రావడం లేదు. మా పక్కింటావిడకి ఎనభై ఏళ్ళు ఉంటాయి. ని అంటే మన మీరు లాంటిదని ఎవరో చెప్పారు. అనొచ్చా?

---

మాల్మో అక్క

మొదటిదానికి: మన దేశంలో ఫార్మసీ చదివినవాళ్ళకి ఇక్కడ లైసెన్సు ఇచ్చేది సోషియాల్‌స్తైరెల్సెన్ అనే ప్రభుత్వ సంస్థ. చదువు కాగితాలతో పాటు సి1 స్థాయి (యూరప్ భాషా కొలమానంలో బాగా పై మెట్టు) భాష వచ్చని రుజువు చూపాలి. ఎస్.ఎఫ్.ఐ. డి కోర్సు అయ్యాక స్వీడిష్ రెండో భాషగా చెప్పే క్లాసులు ఉంటాయి, అవీ కమ్యూన్ నడిపేవే, వాటిలో చేరు. దారి కొంచెం పొడుగే. అందుకే ఇప్పుడు మూడు భాషల మధ్య నీ శక్తి పంచవద్దని అంటున్నాను. ఎస్.ఎఫ్.ఐ. క్లాసులు కాకుండా రోజూ '8 సీదోర్' చదువు, తేలిక స్వీడిష్‌లో వచ్చే వార్తాపత్రిక, నెట్‌లో ఉచితం. మాటలకి స్వెన్స్కా అకాడెమీ వాళ్ళ నిఘంటువులు కూడా నెట్‌లో ఉచితంగానే ఉన్నాయి. ఇంగ్లీషులో అర్థం కావాలంటే ఫోల్కెత్స్ లెక్సికోన్ చూడు.

రెండోది: నిర్భయంగా దూ అను. 1967లో వైద్య శాఖ పెద్దగా వచ్చిన బ్రూర్ రెక్సెద్ అనే ఆయన తన ఆఫీసులో అందరినీ దూ అనే పిలుస్తానని ప్రకటించాడు. ఆ కాలంలో దేశమంతా ఆ మార్పు వచ్చేసింది. అంతకుముందు పెద్దవాళ్ళని బిరుదుతోనో ఉద్యోగం పేరుతోనో పిలిచేవారు, 'ని' అన్నది తమకంటే కిందివాళ్ళని అనే మాట. అందుకే మీ పక్కింటావిడ వయసు వాళ్ళకి అది చల్లగా, దూరం పెట్టినట్టు తగలొచ్చు. మన మీరులో ఉన్న గౌరవం అందులో లేదు. గౌరవం చూపాలంటే ఆవిడ చెప్పేది ఆగి విను, వాక్యం చివర తక్ అను.

ఆవిడ లుండ్ పుట్టుకే అయితే ఇంకా మంచిది. స్కోనె 1658 దాకా డెన్మార్క్‌దే, ఇక్కడి పాత యాసలో డేనిష్ వాసన ఉంటుంది. పిల్లాడిని పోగ్, పిల్లని తోస్ అంటారు, ఆర్ గొంతులోంచి వస్తుంది. ఆవిడతో కాఫీ తాగుతూ కబుర్లు చెప్పించుకో. డేనిష్‌కి నీ చెవి అక్కడే సగం తయారవుతుంది. వారానికోసారి మాల్మో స్తాద్స్‌బిబ్లియోతేక్‌కి (నగర గ్రంథాలయానికి) రాగలిగితే, భాషా కాఫీ, అంటే కలిసి కూర్చుని స్వీడిష్ మాట్లాడుకోవడం, జరిగే రోజులు వాళ్ళ సైట్లో చూసి ముందు రోజు నాకు ఇక్కడే మెసేజ్ పెట్టు, నేనూ వస్తాను.